సంజీవని తప్పిపోయిన ఆదివారం

పోయిన నెలలో శీనన్న తన కూతురి పెళ్లి కార్డు ఇవ్వడానికి ఉప్పల్‌లోని మా ఫ్లాటుకు వచ్చాడు. టీ తాగాడు, మోకాళ్ల నొప్పుల గురించి పది నిమిషాలు చెప్పాడు, లిఫ్ట్ పని చేయనందుకు మా అపార్టుమెంటు వాళ్లందరినీ కలిపి తిట్టాడు, వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లగానే మా ఆయన కవరు మీద రాసింది చదివి, "ఎవరిదో కార్డు మనకిచ్చి పోయిండే ఈయన. శ్రీమతి సంజీవని గారంట. జల్ది పిలువు, ఇంకా మెట్ల మీదనే ఉంటడు" అన్నాడు. పిలవాల్సిన పనిలేదు, సంజీవని అంటే నేనే అన్నాను. నా పేరు సువార్త. ఆధార్ కార్డులో అదే, ఆఫీసులో అదే, చర్చి రిజిస్టరులో అదే. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక పెళ్లానికి తనకు తెలియని పేరు ఇంకొకటి ఉందని తెలిసి పాపం మనిషి కార్డు పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు. ఆయనకు చెప్పిన కథే ఇక్కడా చెబుతున్నాను. ఆయన మధ్యలో నాలుగుసార్లు అడ్డం వచ్చాడు. మీరు ఆ పని చేయరనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

అప్పట్లో మేం నాచారంలో, ఫ్యాక్టరీల వెనక గల్లీలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. పొద్దున గాలి ఎటు నుంచి వీస్తోందో ముక్కుతోనే చెప్పేవాళ్లం. ఒకవైపు నుంచి వస్తే మసాలా పొడుల వాసన, ఇంకోవైపు నుంచి వస్తే కాలిన రబ్బరు వాసన. మసాలా గాలి వీచిన శనివారం అమ్మ చర్చి బట్టలు ఇంట్లోనే ఆరేసేది. మిరపకారం పట్టిన చీరతో కూర్చుంటే పక్కవాళ్లు వాక్యం వినకుండా తుమ్ముతూ కూర్చుంటారని ఆమె భయం. నాన్న పేరు దేవదానం, నట్లు బోల్టులు చేసే కంపెనీలో పనిచేసేవాడు. అమ్మ పేరు కరుణమ్మ, ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ముందుగదిలో ఒక గోడకు అమ్మ కుట్టుమిషను, దాని పక్కనే నా కంప్యూటరు. నాన్న కంపెనీలో పాతవి తీసేస్తుంటే, ఇంజినీరింగ్ చదవబోయే బిడ్డకు కావాలని అడిగి ఒకటి తెచ్చాడు. అమ్మ దానికి మిగిలిన లైనింగు గుడ్డతో తొడుగు కుట్టి, అంచుకు లేసు కూడా వేసింది. ఆ గులాబీరంగు లేసు తొడుగు తీసి, మడతపెట్టి, నేను రాక్షసులను చంపడానికి కూర్చునేదాన్ని. తినడం, చదవడం, కుట్టడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, అన్నీ ఆ గదిలోనే. ఎవరు దగ్గినా అందరికీ వినపడేది.

మా అమ్మకు రెండు తెలుగులు ఉండేవి. మాతో, గల్లీవాళ్లతో, కూరగాయల బండి ఆయనతో మాట్లాడే తెలుగు ఒకటి: "ఏందే గట్ల నిలవడ్డవ్, గా గిన్నె ఇటియ్యి" అనేది. దేవుడితో మాట్లాడేది ఇంకొకటి. ప్రార్థనకు కొంగు తలమీద వేసుకుందంటే చాలు, జనగామ దగ్గర పల్లెలో పుట్టి ఏడో తరగతి దాటని మా అమ్మ నోట "పరిశుద్ధుడవగు తండ్రీ, ఈ దినమున నీ సన్నిధిని మోకరిల్లుచున్నాము" అని ప్రవాహంలా వచ్చేది. ఆ భాషలోనే గ్యాస్ సిలిండరు త్వరగా రావాలనీ, సరోజక్క జాకెట్టు చంకల కింద బిగుసుకోకూడదనీ ఆయనకు విన్నవించుకునేది. ఇంకో సంగతి. మా ఇంట్లో ఎవరి మీద కోపం వచ్చినా, ఎవరి గురించి బాధ కలిగినా ఆ మనిషితో చెప్పడం ఉండేది కాదు. దేవుడితో చెప్పడమే. "నా భర్త యొక్క బీడీల అలవాటును తొలగించుము" అని అమ్మ కళ్లు మూసుకుని అంటుంటే, ఆ భర్త పక్కనే కళ్లు మూసుకుని కూర్చుని వినేవాడు. ఆమెన్ కూడా అనేవాడు. సాయంత్రం మళ్లీ బీడీ తాగేవాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఒంటిగంట దాటేది. అమ్మ పొద్దున్నే మసాలా పట్టించి పెట్టిన కోడికూర పొయ్యిమీదికి ఎక్కించి, బగారన్నం వండేది. లవంగాలు, పుదీనా వాసనకు నాన్న తెల్లచొక్కా కూడా విప్పకుండా వచ్చి చాపమీద కూర్చునేవాడు. వడ్డించాక అమ్మ ప్రార్థన. అది ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు. నాన్న మధ్యలో గొంతు పెంచి ఆమెన్ అని చూసేవాడు, ఆగుతుందేమోనని. ఆగేది కాదు. ఒకసారి నేను దొంగచూపు చూస్తే ఆయన కుడిచేయి కూర గిన్నెలో ఉంది, ముఖం మాత్రం పరమభక్తితో పైకి ఉంది. ఆ దొంగచూపు చూసినందుకు అమ్మ నన్ను ఎంత తిట్టిందంటే, ఇక ఆ తరువాత ప్రార్థనలో కళ్లు తెరవడం అనేది నా వల్ల కాకుండా పోయింది. 'పరిశుద్ధుడా' అన్న మాట చెవిన పడితే చాలు, తల వంగిపోయేది, చేతులు వాటంతటవే జోడుకునేవి, రెప్పలు పడిపోయేవి. సినిమాలో ఎవరైనా ప్రార్థన చేస్తున్నా నేను కళ్లు మూసుకునేదాన్ని. తరువాత కథ ఏమయిందో పక్కవాళ్లను అడిగేదాన్ని.

ఇంటర్ రెండో సంవత్సరంలో నేను లెక్కలూ, ఫిజిక్సూ తప్పాను. ఫలితాల రోజు అమ్మ ఒక్క మాట అనలేదు. నాన్న ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండు, ఏడ్చి అయిపోయేది. మిషను గడగడమంటూనే ఉంది, పళ్లెంలో అన్నం పడుతూనే ఉంది, ఎవరూ నా ముఖం చూడడం లేదు. ఎదురింటి సరోజక్క "బిడ్డ పాసయ్యిందా కరుణమ్మా?" అని అడిగితే అమ్మ "అంత దేవుని దయ అక్కా" అంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. సరోజక్క పాసయ్యాననుకుని నాకు రెండు లడ్డూలు పంపింది. అవి తిన్నాను కూడా, సిగ్గులేకుండా. మళ్లీ పరీక్ష రాయడానికి నింపాల్సిన ఫారం నాన్న ఎవరికీ చెప్పకుండా తెచ్చి మిషను సొరుగు మీద పెట్టాడు. దానిమీద దారపు ఉండలు పేరుకుంటున్నాయి. నేను రాయకూడదని నిర్ణయించుకున్నాను. మళ్లీ తప్పితే అమ్మ ఇంకోసారి దేవుని దయ అనాలి కదా. గడువు దగ్గర పడుతోంది, అడిగేవాళ్లు లేరు, చెప్పేదాన్ని నేను కాను.

ఆ రోజుల్లోనే నేను సంజీవనిని అయ్యాను. ఊరంతా ఆడే ఒక ఆట ఉండేది. కంప్యూటరులో పెద్ద మాయాలోకం, కోటలు, అడవులు, మంత్రాలు. మనం ఒక పేరు పెట్టుకుని అందులో ఒక మనిషిగా తిరగాలి. నేను వైద్యం చేసే మనిషిని ఎంచుకున్నాను, నరికేవాళ్ల జోలికి పోలేదు. దెబ్బలు తిన్నవాళ్లను మంత్రం వేసి బతికించాలి, అదే పని. అక్కడ పరిచయమైనవాడు శీనన్న. ఉప్పల్‌లో టైర్ల దుకాణం ఆయనది. అక్కడికి లారీ డ్రైవర్లు వస్తే ఎట్లా అరుస్తాడో ఆటలోనూ అట్లాగే అరిచేవాడు. నలభై మందిని కూడగట్టి ఒక గుంపు చేశాడు. మల్కాజిగిరి, ఎల్బీనగర్, వరంగల్, ఎక్కడెక్కడివాళ్లో. ముఖాలు తెలియవు, అసలు పేర్లు తెలియవు. నాగోల్ నుంచి ఒకాయన రక్తపిశాచి అని పేరు పెట్టుకున్నాడు, ఆయనంటే అందరికీ హడలు. నన్ను ఏం చదువుతున్నావు చెల్లే అని అడిగితే, ఇంజినీరింగ్ అని టైపు చేసేశాను. ఏం చేయను, ఇల్లు నాచారమనీ, అమ్మ బట్టలు కుడుతుందనీ నిజమే చెప్పిన వేళ్లు చదువు దగ్గరికి వచ్చేసరికి తప్పు దారిలో పోయాయి. అక్కడ నన్ను ఎవరూ దయగా చూడరు, జాలిగా చూడరు. "సంజీవని ఉన్నదా? ఉంటే పోదాం, లేకుంటే వద్దు" అనేవాడు శీనన్న. నేను ఉంటేనే పని జరుగుతుందని ఇంకెక్కడా ఎవరూ అనని రోజులవి. ఆ మాట పోతుందేమోనన్న భయంతో ఇంజినీరింగ్ అబద్ధాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఒక ఆదివారం పెద్ద రెయిడ్ అన్నాడు శీనన్న. రెయిడ్ అంటే నలభై మందీ ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, ఒకేసారి ఒకే రాక్షసి మీద పడడం. మూడు తలల సర్పం, దాని ఇంగ్లిషు పేరు మాలో ఎవరికీ నోరు తిరిగేది కాదు, పెద్దపాము అనేవాళ్లం. శీనన్న దాని ముందు నిలబడి దెబ్బలు తింటాడు. మిగతావాళ్లు వెనక నుంచి కొడతారు. శీనన్న ప్రాణం తగ్గినప్పుడల్లా నేను పెంచాలి. నేను ఐదారు సెకన్లు ఏమరితే ఆయన చస్తాడు, ఆయన చస్తే పాము మిగతావాళ్లమీదికి తిరుగుతుంది. "రెండు గంటలకు పక్కా. ఇయ్యాల అందరు మైకులు ఆన్ వెట్టాలె. టైపు జేసుకుంట కూసుంటే అది మింగేస్తది" అన్నాడు. నేను ఎప్పుడూ మైకు పెట్టేదాన్ని కాదు, మిషను మోత వినపడుతుందని. ఆ రోజు పెట్టాను. పాస్టరుగారు ప్రసంగం సాగదీస్తుంటే లోపల్లోపల పళ్లు కొరుక్కున్నాను, దేవుడు క్షమించాలి. ఇంటికి పరుగెత్తి, తొడుగు తీసిపారేసి, హెడ్‌ఫోను ఒక చెవికి పెట్టుకుని కూర్చునేసరికి రెండు. రెండో చెవి అమ్మ పిలిస్తే వినపడడానికి వదిలేశాను. అదే కొంప ముంచింది.

యుద్ధం బ్రహ్మాండంగా సాగుతోంది. పాముకు ఒక తల తెగింది. "శాబాష్! సంజీవనీ, నా మీదనే కన్నుండాలె, నన్ను ఇడ్వకు" అని శీనన్న అరుస్తున్నాడు. రెండో తల కూడా వాలింది. అప్పుడు నా వెనక చాప పరిచిన చప్పుడు, గిన్నెల చప్పుడు, బగారన్నం వాసన. నేను గమనించనే లేదు. మూడో తల నిప్పులు కక్కడం మొదలుపెట్టింది, శీనన్న ప్రాణం సగానికి పడిపోయింది, నేను మంత్రం వేయబోతున్నాను. సరిగ్గా అప్పుడు నా వదిలేసిన చెవిలో, "పరిశుద్ధుడవగు తండ్రీ" అంది అమ్మ.

నా రెప్పలు పడిపోయాయి. చేతులు కీబోర్డు మీద నుంచి లేచి జోడించుకున్నాయి. చున్నీ తలమీదికి వచ్చింది, దాన్ని నేనే లాక్కున్నానో అదే వచ్చిందో తెలియదు. ఒక చెవిలో అమ్మ "నీ కృపను బట్టి" అంటోంది, ఇంకో చెవిలో శీనన్న "సంజీవనీ! ఏయ్ చెల్లే! పాణం పోతుంది, జర సూడు!" అంటున్నాడు. తెరవాలి, తెరవాలి అనుకుంటున్నాను. రెప్పలు వినడం లేదు. రాస్తుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది కానీ, అప్పుడు నలభై మంది ప్రాణాలు పోతుంటే కళ్లు మూసుకుని కూర్చున్న మనిషిని నేను. శీనన్న "అయిపోయిన" అన్నాడు. ఆ తరువాత ఒక్కొక్కరూ "నేను గూడ", "నాది గూడ" అనుకుంటూ పడిపోయారు. రక్తపిశాచి మాత్రం ఏదో బూతు మొదలుపెట్టి, ప్రార్థన వినపడి మధ్యలో మింగేశాడు. తరువాత హెడ్‌ఫోనులో అంతా నిశ్శబ్దం. అందరూ చచ్చారు కదా, ఇక చేసే పనేముంది, వింటున్నారు.

అప్పుడు అమ్మ గొంతు మారింది. ఏడుస్తోంది. "తండ్రీ, నా కుమార్తె తప్పిపోయినది. తప్పిపోయిన సంగతి ఇరుగుపొరుగు వారికి చెప్పుకొనలేక సిగ్గుపడుచున్నాను. దానికి త్రోవ చూపుము. మరల దానిని నిలువబెట్టుము" అంది. నాన్న ఆమెన్ అన్నాడు, ఈసారి మెల్లగా. నేను కళ్లు తెరిచేసరికి తెరంతా బూడిదరంగు, నేల నిండా శవాలు. హెడ్‌ఫోనులో ఎవరో మగగొంతు, ఆమెన్ అంది. వెంటనే శీనన్న, "చెల్లే? చెల్లే ఉన్నవా? అమ్మా, ఎవలన్న ఉన్నరా ఆడ?" అన్నాడు. ఇంటర్ తప్పిన సంగతి నలభై మంది చెవిన పడిపోయింది, ఇంజినీరింగ్ గాలిలో కలిసింది. వంగి కంప్యూటరు ప్లగ్గు పీకేశాను. కోడికూర కారంగా ఉందని వంకపెట్టి కళ్లనీళ్లు కార్చుకుంటూ తిన్నాను.

సాయంత్రం నాలుగున్నర, ఐదు అయి ఉంటుంది. గల్లీలో బండ్ల చప్పుడు. ఒకటి కాదు, అయిదారు బండ్లు. తలుపు సందులోంచి చూస్తే, బొద్దుగా ఒకాయన బండి దిగి సరోజక్కను అడుగుతున్నాడు: "అక్కా, గీడ బట్టలు కుట్టే అమ్మ ఇల్లు యాడ? బిడ్డ తప్పిపోయింది గద, ఆ అమ్మ." గొంతు వినగానే పోల్చుకున్నాను. శీనన్న. సరోజక్క గుండెలు బాదుకుంది. "అయ్యో! కరుణమ్మ బిడ్డ తప్పిపోయిందా? పొద్దుగాల చర్చికి పొయ్యింది గదయ్యా!" అని గల్లీ మొత్తానికి వినిపించింది. ఇళ్లలోంచి జనం బయటికి వచ్చారు. ఎవరో పోలీస్ స్టేషనుకు పోదాం అన్నారు, ఎవరో చెరువు దిక్కు చూసిరమ్మన్నారు. నాన్న నిద్రలోంచి లేచి లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. అమ్మ మెడలో టేపుతోనే గడప మీదికి పరుగెత్తింది.

"ఎవలయ్యా మీరు? ఎవలు తప్పిపోయిన్రు?"

"మీ బిడ్డనే అమ్మా. మీరే అన్నరు గద, దేవునికి మొక్కుకుంట. మేమంత ఇన్నం. ఆటల మధ్యల నుంచే లేచి పొయ్యింది, సప్పుడు లేదు. ఫికర్ జేయకున్రి. ఉప్పల్ బస్టాండు సూసినం, నాగోల్ దిక్కు నలుగురు పొయ్యిన్రు, నాచారం టైలర్లందర్నీ అడుక్కుంట మేం గిట్ల వచ్చినం. ఫొటో ఉంటే ఇయ్యున్రి."

"నా బిడ్డ యాడికి పోలే, ఇంట్లనే ఉంది!"

"మరి తప్పిపోయింది అంటిరి?"

"తప్పింది!" అంది అమ్మ.

"అదే అమ్మా, యాడ తప్పింది?"

"అరె, ఇంటర్ తప్పింది! ఇంటర్! రెండు సబ్జెక్టులు!"

గల్లీ చివరి చాయ్ హోటలు దాకా వినపడి ఉంటుంది. సరోజక్క ముఖంలో తన రెండు లడ్డూల లెక్క కనబడుతోంది. అమ్మ చేత్తో నోరు మూసుకుంది, కానీ మాట వెళ్లిపోయింది. నేను తలుపు వెనక నిలబడి, భూమి చీలితే దూకుదామని చూస్తున్నాను. అప్పుడు శీనన్న నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "ఓరి దేవుడా! ఇంటరేనా! ఇంటరేనంటరా బయ్, పిల్ల ఇంట్లనే ఉందంట! నాగోల్ పొయ్యినోళ్లకు ఫోన్ గొట్టున్రి, వాపస్ రమ్మను!" అని బండ్లవాళ్లకు అరిచాడు. వాళ్లు ఈలలు వేశారు. నిజంగా ఈలలు వేశారండీ, నేను రాష్ట్రం ఫస్టు వచ్చినట్టు.

వచ్చినవాళ్లను గడపలోంచి పంపించే అలవాటు అమ్మకు లేదు. ఏడుగురికీ టీ పెట్టింది. నేను కప్పులు ఇస్తూ తల ఎత్తలేదు. వాళ్లలో కళ్లజోడు పెట్టుకుని, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్న ఒకాయన చాలా మర్యాదగా "థాంక్స్ అమ్మా" అన్నాడు. ఆయనే రక్తపిశాచి. అసలు పేరు విఠల్, నాగోల్‌లో ట్యూషను సారు. లెక్కల సారు! "మీ బిడ్డ లేకుంటే మేం నలభై మందిమి సస్తమమ్మా. బతికించేది ఆమెనే" అన్నాడు శీనన్న అమ్మతో. అమ్మకు అర్థం కాలేదు. "ఇంటర్ తప్పిన పిల్ల ఎట్ల బతికిస్తది? దవాఖానల ఏమన్న పని జేస్తుందా నాకు జెప్పకుంట?" అని నా వైపు అనుమానంగా చూసింది. శీనన్న ఓపికగా పాము సంగతి, తలల సంగతి చెప్పాడు. తన ప్రార్థన వల్ల నలభై మంది చచ్చారా అని అమ్మ నొచ్చుకుంది. "అయినా పామంటే సైతానే గద. మంచి పనే జేస్తున్రు. వచ్చే ఆదివారం ఒంటిగంటన్నరకే ప్రార్థన ముగిస్త, సంపున్రి" అంది. నాన్న ఆ మాట విని, ఆ పాముకు జీవితాంతం రుణపడినవాడిలా ముఖం పెట్టాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ మిషను ముందు కూర్చుంది, కానీ తొక్కలేదు. కొంగు తలమీదికి తీసుకోబోయి, మళ్లీ భుజం మీదికి వదిలేసింది. నా వైపు తిరిగింది. ఫలితాల రోజు నుంచీ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "ఫారం నింపుతవా లేదా బిడ్డా? నిన్నే అడుగుతున్న" అంది. భయమైతుందమ్మా, అన్నాను. మళ్ల తప్పితే ఎట్లా అన్నాను. ఏడ్చాను, సరిగ్గా, కూర వంక లేకుండా. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "నాగ్గూడ భయమే. నీకు జెప్తే నువ్వు ఇంకింత బుగులు వడ్తవని దేవునికే జెప్పుకుంట తిరిగిన" అంది. మెడలో టేపు నా చెంపకు గుచ్చుకుంటోంది. రాత్రి దాకా కూడా ఆగకుండా, అప్పటికప్పుడే ఫారం మీద దారాలు దులిపి నింపాం. అమ్మ పక్కన కూర్చుని, నా పేరులో వొత్తు సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు చూసింది.

తరువాతి ఆదివారం పాము చచ్చింది. అమ్మ అన్నమాట నిలబెట్టుకుని, తన జీవితంలోకెల్లా పొట్టి ప్రార్థన చేసింది. అయినా ఆ నలభై మందినీ విడిచిపెట్టలేదు. "రక్తపిశాచి అను నీ కుమారుని కాపాడుము" అంటున్నప్పుడు నాన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మూడో తల వాలగానే నా చెవిలో ముప్పైతొమ్మిది గొంతులు ఒక్కసారి అరిచాయి, నేనూ అరిచాను, వెనక నుంచి అమ్మ కూడా అరిచింది. ఆ అరుపులు ఇంకా ఆగకముందే విఠల్ సారు, "సరేనమ్మా, ఇప్పుడు పుస్తకం తీయి. మూడో చాప్టరు" అన్నాడు. ఆ తరువాత ప్రతి సాయంత్రం రెయిడ్‌కు ముందు గంటసేపు ఆ హెడ్‌ఫోనులో లెక్కలు నడిచాయి. మిగతావాళ్లు మైకులు మూసుకుని వింటూ కూర్చునేవారు. వరంగల్ నుంచి ఒకతను, "సార్, ఆ రెండో స్టెప్ మళ్లొక్కసారి, నాక్కూడ సమజ్ కాలే" అనేవాడు.

నేను ఇంజినీరింగ్ చదవలేదు. ఆలస్యంగా డిగ్రీ చేసి, ఆలస్యంగా ఉద్యోగంలో చేరి, ఆలస్యంగానే అయినా అన్నీ అయ్యాయి. ఇప్పుడు మా అపార్టుమెంటుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, ఆఫీసుకు మూడు ఉన్నాయి, చర్చికి ఒకటి, చిన్నప్పటి స్నేహితులకు ఒకటి. అందరి అసలు పేర్లూ తెలుసు, ఫొటోలూ ఉన్నాయి, ఎవరు ఏ దేవుడి పాట పెట్టుకున్నారో కూడా తెలుసు. పోయిన వేసవిలో విసుగొచ్చి ఒక గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. నేను లేనని మూడు నెలలకు ఒకావిడకు తెలిసింది, అదీ ఆమెకు నా దగ్గర ఎలక్ట్రీషియన్ నంబరు కావాల్సి వచ్చి. వాళ్లను నిందించడం లేదు. నేను మాత్రం ఎవరింటికి బండేసుకుని పోయాను? మా పైఫ్లాటులో ముసలాయన నెలరోజుల నుంచి వాకింగుకు రావడం లేదని నాకూ తెలుసు, మెట్లెక్కి అడిగిన పాపాన పోలేదు. మెట్రో వచ్చింది, నాగోల్ నుంచి ఉప్పల్‌కు పోవడం ఇప్పుడు ఎంతసేపు! ఆ రోజు వాళ్లు ఎండలో, దుమ్ములో, టైలరు టైలరునీ అడుక్కుంటూ వచ్చారు. ఒక్క మాట విని, అదీ తప్పుగా విని.

అప్పుడు ఫారం నింపి మళ్లీ రాసిన ఆ పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు నెట్ సెంటరు నుంచి ఇంటికి నడిచి వచ్చాను. అమ్మ సరోజక్క జాకెట్టుకే హుక్కులు కుడుతోంది. నేను గడపలో నిలబడే చెప్పేశాను, చెప్పులు కూడా విప్పకుండా.

"అమ్మా, లెక్కలు పాసైన. ఫిజిక్స్ మళ్ల తప్పిన."

అమ్మ సూది ఆపింది. "ఎన్ని మార్కులల్ల పోయింది?"

"మస్తు మార్కులల్ల."

అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తరువాత, ఏం చెప్పను, నవ్వింది. జాకెట్టు ఒళ్లోంచి జారిపోయేట్టు నవ్వింది. "గీ ముచ్చట వాళ్లకు జెప్పినవా?" అంది.

"లేదు."

"జెప్పు ముందుగాల. లేకుంటే మళ్ల బండ్లేసుకొని గల్లీ గల్లీ తిరుగుతరు."

తొడుగు తీసి, కంప్యూటరు పెట్టి, హెడ్‌ఫోను తగిలించుకున్నాను. అందరూ అప్పటికే ఉన్నారు. "అన్నా, విఠల్ సార్, లెక్కలు అయిపోయినయ్. ఫిజిక్స్ తప్పిన" అన్నాను.

"ఇంట్లనే ఉన్నవు గద?" అన్నాడు శీనన్న.

"ఇంట్లనే ఉన్న అన్నా."

"అయితే ఫికరేంది? ముప్పైతొమ్మిది మందిమి నిలవడి ఉన్నం. రా."